కొన గిల్లని సొరతీగ

లక్ష్మీదేవమ్మ ఇంట్లో ఎవరికి తోచినప్పుడు వాళ్లు నీళ్లు పోసుకోవడానికి వీల్లేదు. పొద్దు పొడవకముందు కొడుకు, పొద్దు వాలినాక ఆమె. నడి మధ్యాహ్నం పోసుకుంటే ఆ నీళ్లు మొక్కకు దక్కకుండా ఎండ తాగేస్తుందని ఆమె వాదన. పెరట్లో నీళ్లు పోసుకునే బండ కింద నుంచి ఆమె చేత్తో తీసిన కాలువ మొదట వంగ మొక్కలను, తర్వాత మిరప చెట్లను పలకరించి, చివరికి సొరపాదు దగ్గర ఆగేది. ఒంటికి సబ్బు రుద్దుకునే రోజు కాలువకు మట్టి అడ్డం పెట్టి నీళ్లను అరటి దుంప వైపు మళ్లించేది. అరటికి పౌరుషం తక్కువ, ఏం పోసినా తాగుతుంది.

మంగళవాడ పక్కనున్న ఆ పల్లెలో అప్పటికి కరువు మీద కరువు. శెనక్కాయ చేలు సరిగ్గా ఊడలు దిగే వేళకు వాన మొహం చాటేసేది, కాయ లేని ఉత్త కట్టె మాత్రం చేతికొచ్చేది. ఊరంతటికీ ఒకటే బోరింగు. దాన్ని కొట్టి కొట్టి ఆడవాళ్ల రెక్కలు పడిపోయేవి, ఆ నీళ్లు తాగి తాగి మగవాళ్ల మోకాళ్లు బిగుసుకుపోయేవి. అలాంటి ఊళ్లో లక్ష్మీదేవమ్మ పెరడు ఒక్కటే పచ్చగా ఉండేది. అందుకని ఆడవాళ్లు సలహా కోసం ఆమె దగ్గరికే వచ్చేవాళ్లు. ఆమె సలహాతో పాటు నాలుగు చీవాట్లు కూడా పెట్టి పంపేది.

"నీళ్లు పైన చల్లితే ఆకు తాగుతాదా మ్మే? వేరు తాగాల," అనేది పక్కింటి సుంకమ్మతో. "చిల్లికుండ ఒకటి మెడ దాకా పూడ్చిపెట్టు. చిల్లిలో గుడ్డపీలిక దూర్చి, నీళ్లు పోసి మూత పెట్టు. వేరే ఎతుక్కుంటా పోతాది."

"ఎండకు పాదంతా నెర్రెలిస్తా ఉండాది అక్కా."

"ఇయ్యదా మరి? దాని ఒంటి మీద ఏమన్నా కప్పినావా? శెనక్కాయ పొట్టు జానెడు మందాన పరుచు. మీ ఇంట్లో కాయకే గాదు, పొట్టుకు గూడా కరువేనా?"

సుంకమ్మ నవ్వుకుంటూ పోయి చెప్పినట్టే చేసేది. తెల్లారి మంచు ఆరకముందే ఆకుల మీద బూడిద చల్లితే పురుగు రాదని లక్ష్మీదేవమ్మ చెప్పేది. సొరపువ్వు సాయంత్రం విచ్చుకుంటుంది, కరువుకు తుమ్మెదలు కూడా ఊరు విడిచిపోయాయి, కాబట్టి మగపువ్వు తుంచి మనమే ఆడపువ్వుకు తాకించాలనేది. పిందె పడినాక దానికి వేలు పెట్టి చూపిస్తే కుళ్లిపోతుంది, చూపించక తప్పకపోతే వేలు మడిచి కణుపుతో చూపించాలనేది. అన్నిటికన్నా ముఖ్యంగా, తీగ పందిరి ఎక్కగానే కొన గిల్లేయమనేది. కొన గిల్లకపోతే తీగ పొడుగు సాగుతుందే గాని పక్క కొమ్మలు వేయదు. పక్క కొమ్మలు లేనిదే కాయలు రావు.

ఇంత చెప్పే మనిషి తన సొరతీగ కొన మాత్రం ఎన్నడూ గిల్లలేదు. ఎందుకని ఎవరూ అడగలేదు. అందరికీ తెలుసు.

ఆ సొర విత్తనం ఆమెకు తల్లి ఇచ్చింది, తల్లికి ఆమె తల్లి ఇచ్చింది. గొర్రెలు తోలుకుని మగవాళ్లు నెలల తరబడి దేశం పోయే ఇళ్లలో ఒకప్పుడు అది ఉండేది. గుంతలో విత్తనం పెట్టి, నోరు నేలకు ఆనించి, ఊరు విడిచిపోయిన మనిషి పేరు చెప్పి మన్ను కప్పాలి. తీగ లేచినాక దాని కొన ఆ మనిషి ఉన్న దిక్కుకే సాగుతుంది. మనిషి దిక్కు మారితే తీగా మారుతుంది. మనం పందిరి ఎటు వేసినా దానికి లెక్కలేదు, అది పోయే దిక్కుకే పందిరి జరుపుకోవాలి. పోస్టు తెచ్చే జయరామప్ప కూడా సంచి దించకముందే పెరట్లోకి తొంగి చూసి, ఎవరి మనిషి ఏ దిక్కున ఉన్నాడో చెప్పి పోయేవాడు. చచ్చినవాళ్ల పేరున పెడితే ఆ విత్తనం మొలవదని పెద్దలు అనేవాళ్లు. చచ్చినవాళ్ల పేరున ఎవరు పెట్టి చూశారు గనక? అయినా ఆ మాట ఊరంతా నమ్మింది.

ఎనభైల మొదట్లో వచ్చిన కరువులో గొర్రెలన్నీ అమ్ముకున్నాక, లక్ష్మీదేవమ్మ మొగుడు చిక్కన్న బావులు లోతు చేసే మేస్త్రి వెంట కూలికి పోయాడు. అప్పటికి కొడుకు బొమ్మన్నకు పాలపళ్లు ఊడుతున్నాయి. మొగుడి పేరు నోటితో పలకని ఊళ్లో ఆమె మొదటిసారి ఆ పేరు పలికింది నేలతోనే. ఆ ఏడు తీగ కొన్నాళ్లు మడకశిర దిక్కు చూసింది, కొన్నాళ్లు హిందూపురం దిక్కు చూసింది. ఈ మనిషికి కాలు ఒకచోట నిలవదని నవ్వుకుంటూ ఆమె పందిరి గుంజలు పీకి పాతేది. తర్వాత తీగ నీళ్లు పోసుకునే బండ మీదుగా ఆగ్నేయ మూలకు, గౌరిబిదనూరు, చింతామణి ఉన్న దిక్కుకు తిరిగింది. ఒక మధ్యాహ్నం ఉన్నట్టుండి అది వడలిపోయి ఆకులన్నీ వేలాడేసింది. నీళ్లు తక్కువైనాయనుకుని ఆమె రెండు చెంబులు ఎక్కువ పోసింది. సాయంత్రానికి లేచింది.

ఆ పైన తీగ దిక్కు మారలేదు. ఆ ఏడూ లేదు, తర్వాతి ఏడూ లేదు. ఏ ఏడు విత్తనం పెట్టినా మొలిచి, పెరిగి, అదే ఆగ్నేయ మూలకు సాగి, అక్కడ పాతిన ఒకే గుంజను పట్టుకుని ఆగేది.

ఊరూరా తిరిగే కూలి మనిషి ఒకే దిక్కున ఏళ్ల తరబడి ఉన్నాడంటే ఏమనుకోవాలి? అక్కడ కాపురం పెట్టాడనుకోవాలి. ఊరు అలాగే అనుకుంది, లక్ష్మీదేవమ్మా అలాగే అనుకుంది. చింతామణి సంతలో ఎవరో ఆడమనిషితో చూశామని ఒకరిద్దరు చెప్పారు కూడా. చూసే ఉంటారు, సంతలో మనుషులకేం కొదవ? ఆమె అన్న దొడ్డన్న పోయి జుట్టు పట్టుకుని ఈడ్చుకొస్తానన్నాడు.

"యాడికీ పోవద్దు అన్నా," అంది లక్ష్మీదేవమ్మ. "రావాలనుంటే ఆ మనిషికి దావ తెలుసు."

మళ్లీ ఎవరూ ఆ మాట ఎత్తకుండా తలుపేసుకుంది. ఆమెకు తెలియాల్సింది ఒకటే, మనిషి బతికి ఉన్నాడా లేదా అని. అందుకే ఏటా విత్తనం పెట్టేది. పేరు మాత్రం ఉమ్మేసినట్టు చెప్పేది. తిడుతూనే ఆ పాదుకు గొర్రెపెంట మోసుకొచ్చి వేసేది, తిడుతూనే నీళ్లు పోసేది. కొన గిల్లని తీగ కాబట్టి కాసేవే రెండు మూడు కాయలు. ఒకదానికి ఎర్రగుడ్డ కట్టి విత్తనానికి వదిలేది, మిగిలినవి సుంకమ్మకు ఇచ్చేసేది. ఆ తీగ కాయ ఆమె ఏనాడూ నోట పెట్టలేదు. చిక్కన్న ప్రస్తావన వచ్చినప్పుడు ఊళ్లోవాళ్లు ఆ మూలకు వేలు మడిచి చూపించేవాళ్లు. పిందెకు చేసే మర్యాదే ఆమెకూ చేసేవాళ్లు.

ఇలా ఉండగా తొంభైలు వచ్చాయి. బొమ్మన్నకు నిడుగల్లు దిక్కు నుంచి కదిరమ్మను తెచ్చి పెళ్లి చేసింది. మాటకు ముందు నవ్వే పిల్ల. బోరింగు దగ్గర ఎవరితో పోట్లాడాలో ఎవరితో పోట్లాడకూడదో నాలుగు రోజుల్లో నేర్చుకుంది. పెళ్లయిన వేసవిలోనే బోర్లు వేసే లారీ ఒకటి కూలీల కోసం ఊళ్లోకి వచ్చింది. చేలో పని లేదు, ఇంట్లో గింజ లేదు. బొమ్మన్న పోతానన్నాడు. ఆడవాళ్లిద్దరూ వద్దనలేకపోయారు.

బయల్దేరే రోజు కదిరమ్మ కోడి కూయకముందే లేచింది. మొగుడికి వేడినీళ్లు కాచి పెట్టాలని ఆమె ఆశ. ఇంట్లో కట్టెలు లేవు, వాకిట్లో పిడకలు అయిపోయాయి. చూస్తే పొయ్యి వెనక గోడకు చిన్న చిన్న పిడకలు వరసగా కొట్టి ఉన్నాయి, ఎండి కరకరలాడుతున్నాయి. పుట్టింట్లో గోడకు కొట్టినవన్నీ పిడకలే. అన్నీ గోకి పొయ్యిలో వేసింది. చిటపటమని పేలితే పేడలో శెనక్కాయ పొట్టు కలిసిందేమో అనుకుంది. నీళ్లు బాగా కాగాయి. బొమ్మన్న బండ మీద కూర్చుని ఒళ్లంతా ఎర్రబడేలా పోసుకున్నాడు. తన ఒంటి మురికే అమ్మ మొక్కలకు ఎరువని పెళ్లాంతో హాస్యమాడి లారీ ఎక్కాడు.

తొలకరి మబ్బు పట్టాక లక్ష్మీదేవమ్మ విత్తనం తీయడానికి పొయ్యి వెనక్కి పోయింది. సొర విత్తనాలను బూడిద కలిపిన ఆవుపేడలో పొదిగి, అప్పచ్చుల్లాగ చరిచి గోడకు కొట్టడం ఆమె అలవాటు. పొగ తగులుతుంది కాబట్టి పురుగు పట్టదు. ఈసారి రెండు విత్తనాలు కావాలి, ఒకటి మొగుడి పేరున, ఒకటి కొడుకు పేరున. గోడ మీద గుండ్రటి మరకలు తప్ప ఏమీ లేవు.

"గోడ మీదివి ఏమైనాయి మ్మే?"

"ఏవి అత్తా?"

"పేడవి. చిన్నవి."

"ఆయప్ప పోయే పొద్దు నీళ్లు కాసినా," అంది కదిరమ్మ. అంటూనే అత్త మొహం చూసి నోరు మూసుకుంది.

లక్ష్మీదేవమ్మ పొయ్యి ముందు కూర్చుని బూడిదను వేలితో కెలికింది. ఎప్పటి బూడిదో అది. విషయం తెలిసి కదిరమ్మ తల గోడకు ఆనించి ఏడ్చింది.

"తిట్టు అత్తా. ఏమన్నా అను."

"తిడితే మొలుస్తాయా?" అంది లక్ష్మీదేవమ్మ. ఆమె తిట్టకపోవడమే కదిరమ్మకు ఎక్కువ భయం వేసింది.

ఊళ్లో ఇల్లిల్లూ అడిగారు. ఒకప్పుడు ఆ విత్తనం ఉన్న ఇళ్లలో కూడా కరువులో తీగ ఎండి వంశం తెగిపోయింది. చివరికి ఉట్టికి వేలాడుతున్న సొరబుర్ర లక్ష్మీదేవమ్మకు గుర్తొచ్చింది. పోయినేడు ఎర్రగుడ్డ కట్టి విత్తనం తీసినాక, గరిటె చేద్దామని ఎండబెట్టిన కాయ అది. గింజలన్నీ దులిపినా ఒకటి మాత్రం రాకుండా లోపల గిలక్‌మంటూ ఉండేది. బుర్రను బండకేసి పగలగొట్టింది. ఒకే ఒక విత్తనం.

దాన్ని తడిగుడ్డలో చుట్టి, ఒంటి వేడికి మొలక రావాలని బొడ్లో దోపుకుంది. అది బొడ్లో ఉన్నన్నాళ్లూ ఆమెకు మనసు మనసులో లేదు. ఏళ్ల తరబడి ఆ మనిషిని తిట్టుకున్న మాట నిజమే, కానీ ప్రతి ఏడూ మొలక మన్ను చీల్చుకుని లేచిన పొద్దున ఆమెకు ఆకలి వేసేది, ఆ పూట రెండు ముద్దలు ఎక్కువ తినేది. ఎక్కడో ఒకచోట, ఎవతెతోనో ఒకతెతో, బతికి ఉన్నాడులే అనుకునేది. ఈ ఏడు ఆ ఆధారం లేకపోతే ఎలా బతకాలో ఆమెకు తెలియలేదు. దాన్ని మొగుడి పేరున పెట్టమని కదిరమ్మ మాత్రం ఒక్క మాట అడగలేదు. తన వల్ల జరిగింది కాబట్టి అడిగే హక్కు లేదనుకుంది. కాలువ పొడుగునా మన్ను ఎత్తి పోస్తూ, దినమంతా తల వంచుకునే తిరిగేది. ఆ వంచుకున్న తలను చూడలేకపోయింది లక్ష్మీదేవమ్మ.

"కదిరీ, ఇట్లా రా. వాని పేరు నువ్వే చెప్పు," అంది గుంత తీసి.

"నేనెట్లా చెప్పేది అత్తా, ఆయప్ప పేరు?"

"అయితే నేనే చెప్తా. నువ్వు మన్ను కప్పు."

లక్ష్మీదేవమ్మ నోరు నేలకు ఆనించింది. అలవాటు కొద్దీ నాలుక పాత పేరుకే తిరిగింది. ఊపిరి బిగబట్టి, కొడుకు పేరు చెప్పి లేచింది. ఆ రోజు ఆమె అన్నం తినలేదు.

మొలక లేచింది. మూడో ఆకు వేసిన నాటి నుంచి తీగ శిర దిక్కు పట్టింది, తర్వాత హిరియూరు దిక్కు, తర్వాత మళ్లీ కిందికి మడకశిర. లారీ ఎక్కడ బోరు వేస్తే తీగ అక్కడికి తిరిగేది. అత్తాకోడళ్లిద్దరూ గుంజలు పీకి పాతలేక నవ్వేవాళ్లు. ఆ నవ్వుల్లోనే కదిరమ్మ పెరటి పని నేర్చుకుంది. చిల్లికుండ పూడ్చింది, పొట్టు పరిచింది, సాయంత్రం పూట మగపువ్వు తుంచి ఆడపువ్వుకు తాకించింది. ఆగ్నేయ మూలలో పాత గుంజ ఒకటి ఒంటరిగా నిలబడి ఉండేది. దాన్ని పీకేద్దామా అని కదిరమ్మ అడిగితే, ఉండనీలే అనేది లక్ష్మీదేవమ్మ.

శెనక్కాయ పూత మీద ఉన్న రోజుల్లో తీగ తిరిగింది. నీళ్లు పోసుకునే బండ మీదుగా ఆగ్నేయ మూలకు సాగింది. ఈ దిక్కున ఏదో బోరు పడి ఉంటుందిలే అనుకున్నారు. తీగ రోజు రోజుకూ సాగి, పాత గుంజను చుట్టుకుని అక్కడే ఆగింది. వారం పోయినా కదల్లేదు, ఇంకో వారం పోయినా కదల్లేదు. ఈలోగా బోరు లారీ పావగడకు వచ్చిందని విని దొడ్డన్న పోయి అడిగాడు.

"నడి దావలోనే దిగిపోయినాడంట," అని వచ్చి చెప్పాడు. "చింతామణి అవతల. నాకీడ పని ఉండాది, మీరు పోండి అన్నాడంట."

సుంకమ్మ కూర కోసమన్నట్టు వచ్చి తీగను చూసి పోయింది. గోడ అవతల ఎవరితోనో మాట్లాడుతున్నప్పుడు ఆమె వేలు మడిచి ఉండటం లక్ష్మీదేవమ్మకు కనబడింది.

"అత్తా, అది మామ గుంజ కదా," అంది కదిరమ్మ.

"అవును."

"తండ్రి దగ్గరికి చేరినాడా?"

లక్ష్మీదేవమ్మ గుంజను చుట్టుకున్న తీగ మీద చెయ్యి వేసింది. ఒకర్ని ఆ దిక్కు తినేసింది, కడుపున పుట్టినవాడిని కూడా తిన్నది. తండ్రికి అక్కడ ఇల్లుంది, గింజలుంటాయి, కొడుకుకు కూడా ఒక పిల్లను చూసి ఉంటాడు. ఆమె కోడలి వైపు చూసింది. కదిరమ్మ పాదు పక్కన చతికిలబడి తీగనే చూస్తోంది. అలా కూర్చునే తీరు లక్ష్మీదేవమ్మకు బాగా తెలుసు. ఆ చోట, ఆ బండ పక్కన, ఆమె యవ్వనమంతా అలాగే కూర్చుని గడిపింది.

మర్నాడు పొద్దున్నే లక్ష్మీదేవమ్మ గుంజ దగ్గరికి పోయి, ఇన్నేళ్లలో ఎన్నడూ చేయని పని చేసింది. రెండు ఆకులతో సహా తీగ కొన గిల్లేసింది. దాన్ని తడిగుడ్డలో చుట్టి కదిరమ్మ చేతిలో పెట్టింది.

"బయల్దేరు. మా అన్న తోడు వస్తాడు."

"యాడికి అత్తా?"

"నేను ఇన్నేండ్లు దీన్ని చూస్తా కూచున్నా. చూసేదానికే తప్ప పోయేదానికి పనికొస్తాదని తోచలే. పంతం. నువ్వు కూచోవద్దు. గుడ్డ తడి ఆరనియ్యొద్దు, తడి ఉన్నంత సేపూ తిరగతానే ఉంటాది. చింతామణిలో బస్సు దిగి అరచేతిలో పెట్టుకో. అది ఎటు తిరిగితే అటు పో."

కదిరమ్మ కొంగులో నాలుగు రొట్టెలు కట్టుకుంది. గడప దాటి, మళ్లీ వెనక్కి వచ్చింది.

"మామ కనపడితే ఏం చెప్పాల?"

ఏళ్ల తరబడి కూడబెట్టిన తిట్లన్నీ ఉన్నాయి లక్ష్మీదేవమ్మ దగ్గర. ఒక్కటీ నోటికి రాలేదు.

"పాదుకు నీళ్లు పోసినానని చెప్పు," అంది. "ఏ ఏడూ ఎండనియ్యలేదని చెప్పు."

వాళ్లు పోయాక కొన లేని తీగ దిక్కు మరిచిపోయింది. పక్క కొమ్మలు వేసి, మామూలు సొరతీగల్లా ఎటు పడితే అటు పాకింది. లక్ష్మీదేవమ్మ అందరికీ చెప్పిన మాట నిజమేనని చాటుతూ ఆడపూలు విరగబూసింది. పందిరి నిండా పిందెలు. ఊళ్లో ఆడవాళ్లు వచ్చి వేలు మడిచి చూపించుకుంటూ సంబరపడ్డారు. ఆమెకు మాత్రం కళ్లు పోయినట్టుంది. కొడుకు ఎక్కడున్నాడో తెలియదు, కోడలు చేరిందో లేదో తెలియదు, మొగుడు ఉన్నాడో లేడో తెలియదు. పొద్దున్నే అలవాటుగా ఆగ్నేయ మూలకు చూసేది. ఉత్త గుంజ.

ముగ్గురూ ఒక సాయంత్రం పొద్దు వాలే వేళకు వచ్చారు. ముందు దొడ్డన్న, తల ఎత్తలేదు. వెనక కదిరమ్మ. ఆమె వెనక బొమ్మన్న, చేతులనిండా బొబ్బలు, చంకలో కొత్త గుడ్డతో కట్టిన మూట. ఆ మూటను పసిబిడ్డను పట్టుకున్నట్టు పట్టుకున్నాడు. లక్ష్మీదేవమ్మ నీళ్ల చెంబుతో ఎదురుపోయి, ఆ మూట చూసి ఆగిపోయింది.

"మీ నాయన రాలేదా?" అని అడిగింది. ఎందుకడిగిందో ఆమెకే తెలియదు.

"వచ్చినాడు మా," అన్నాడు బొమ్మన్న.

ఆమె చేతిలో చిక్కన్న వేసుకునే రాగి కడియం పెట్టాడు. మట్టి పట్టి నల్లబడింది. పొట్టేలు కుమ్మినప్పుడు పడిన సొట్ట ఇంకా ఉంది దానికి.

వాకిట్లో కూర్చుని బొమ్మన్నే చెప్పాడు. లారీ బోరు పాయింటు పెట్టిన చేలో పూడ్చేసిన పాత బావి ఒకటుందట. ఆ బావి పక్కన వేయొద్దు, లోపల పావగడ దిక్కు మనిషి ఒకడున్నాడు అని పక్క చేను ముసలాయన అడ్డం వచ్చాడట. లోతు చేస్తుంటే గట్టు విరిగి మీద పడిందట. మేస్త్రి ఆ పొద్దే పారిపోయాడు. పోలీసులకు భయపడి చేను ఆసామి బావి పూడ్చేశాడు. ఆ మనిషిది ఏ ఊరో చెప్పేవాళ్లు లేరు. గొర్రెలను పిలిచినట్టు నాలుకతో శబ్దం చేస్తూ పాడేవాడని మాత్రం ముసలాయనకు గుర్తుందట.

"నాయన అట్లే పాడుతా ఉండె," అన్నాడు బొమ్మన్న. "దిగిపోయినా. ఒక్కడినే తవ్వుతా ఉంటి. నీకేమని చెప్పి పంపాల మా? చూసినాకే చెప్దామనుకున్నా. ఈయమ్మ తీగ పట్టుకుని వచ్చినప్పుడు నేను నడుము లోతులో ఉండా. అరచేతిలో ఆ కొన నా పక్కకు తిరిగి, కిందికి వాలింది. ఆడ్నే తవ్వినాము. దొడ్డన్న మామ ఒక చెయ్యి వేసినాడు, ఈయమ్మ మన్ను మోసింది."

"ఎప్పుడంట?" అంది లక్ష్మీదేవమ్మ.

"అప్పుడే మా. ఊరు విడిచిన ఏడే. శెనక్కాయ ఊడలు దిగే దినాలంట. మద్యాన్నం పూట."

ఆమె లేచి పెరట్లోకి పోయింది. ఆ మధ్యాహ్నం ఆమెకు నిన్నటిలాగా గుర్తుంది. ఆకులన్నీ వేలాడేసిన తీగ, చేతిలో చెంబు, నీళ్లు తక్కువైనాయన్న విసుగు. తీగ అన్నేళ్లూ అబద్ధం చెప్పలేదు. ఆ మనిషి ఎక్కడికీ పోలేదు, ఎవరితోనూ లేడు. మన్ను కింద కదలకుండా పడుకుని, ఏటా తన పేరు ఆమె ఉమ్మేసినట్టు పలికితే, ఏటా మొలిచి పలికాడు. ఇంత కాలం ఒక దీపం పెట్టలేదు అతనికి. ఒక్క మంచిమాట అనలేదు. అతని తీగ కాయ ఒక్కటి నోట పెట్టలేదు. లక్ష్మీదేవమ్మ ఆ పాత గుంజను కావలించుకుని, అన్నేళ్ల ఏడుపు ఒక్కసారే ఏడ్చింది. కదిరమ్మ వచ్చి వెనక నిలబడింది, పట్టుకోవడానికి ధైర్యం చాలక.

"చెప్పినాను అత్తా," అంది చివరికి. "నీళ్లు పోసినావని. ఏ ఏడూ ఎండనియ్యలేదని. మన్ను తీసేటప్పుడే చెప్పినా."

మర్నాడు ఊరంతా వచ్చింది. చేను గట్టు మీద, అతను గొర్రెల మంద వేసుకునే చోట పూడ్చారు. ఎవరూ వేలు మడవలేదు. ఆ పూట లక్ష్మీదేవమ్మ పందిరి నుంచి లేత సొరకాయ ఒకటి కోసి, చేత్తో తరిగి వండింది. మొదటి ముద్ద గట్టు మీద పెట్టింది. రెండో ముద్ద తను తిన్నది. తియ్యగా ఉంది. ఆ తీపికి మళ్లీ ఏడుపొచ్చింది.

బొమ్మన్న తర్వాత లారీ ఎక్కలేదు. ఎక్కుతానన్నా కదిరమ్మ ఒప్పుకునేది కాదు, ఒప్పుకున్నా వెంట పోయేది. ఎర్రగుడ్డ కట్టిన కాయల విత్తనాలు ఆమే పేడలో పొదిగి గోడకు కొట్టింది. పక్కన మసిబొగ్గుతో ఒక గీత గీసింది, మళ్లీ ఎవరూ పిడకలనుకోకుండా.

మరుసటి తొలకరికి లక్ష్మీదేవమ్మ గుంత తీసింది. ఎవరూ దూరం పోలేదు కదా, ఎవరి పేరున అని సుంకమ్మ గోడ మీది నుంచి అడగబోయి ఊరుకుంది. లక్ష్మీదేవమ్మ నోరు నేలకు ఆనించి, ఈసారి పేరు మెల్లగా, పక్కన పడుకున్న మనిషిని లేపినట్టు పిలిచింది. వారానికి మొలిచింది. ఆగ్నేయ మూలకు పోలేదు. పెరటి గోడ వైపు తిరిగి, చేను గట్టు దిక్కుకు తల పెట్టింది.

పందిరి ఎక్కినాక ఆమె దాని కొన గిల్లేసింది.

"ఇంక దావ చూపించే పని లేదులే," అంది. "నిండుగా కాయి."

ఆ మధ్యాహ్నం తీగ ఏమీ వడలలేదు. ఆకులన్నీ నిటారుగానే ఉన్నాయి. అయినా లక్ష్మీదేవమ్మ రెండు చెంబుల నీళ్లు ఎక్కువ పోసింది.